రెండు చిన్న బాణాల వెనక

చాట్‌జీపీటీని కంప్యూటర్‌లో తెరిచి, మనం పంపిన ప్రశ్న మీదికి మౌస్ తీసుకెళ్తే దాని కింద పెన్సిల్ గుర్తు కనిపిస్తుంది. అది నొక్కి ప్రశ్నను దిద్ది మళ్లీ పంపితే కొత్త జవాబు వస్తుంది. దాంతోపాటు దిద్దిన ప్రశ్న కింద అటొక బాణం, ఇటొక బాణం, మధ్యలో 2/2 అని చిన్న అంకెలు వచ్చి చేరతాయి. ఎడమ బాణం నొక్కితే పాత ప్రశ్న, దానికొచ్చిన జవాబు, ఆ తర్వాత నడిచిన మాటలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగొస్తాయి. కుడి బాణం నొక్కితే మళ్లీ కొత్త దారి. క్లాడ్ అనే మరో ఏఐ చాట్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. రోజూ వాడేవాళ్లలో కూడా చాలామంది ఈ బాణాల జోలికి పోరు. నన్నడిగితే, ఏఐ చాట్ పరికరాల్లో ఇంత ఆలోచించి చేసిన భాగం ఇంకొకటి లేదు.

నాలుగైదు ప్రశ్నలతో తేలిపోయే పనిలో దీని విలువ తెలియదు. నెలల తరబడి సాగే పనిలో తెలుస్తుంది. ఇల్లు కట్టుకోవడమే తీసుకుందాం. ఇంటాయన ముందుగా వివరాలన్నీ చాట్‌లో రాశాడు. 200 గజాల స్థలం, తూర్పు ఫేసింగ్, నల్లరేగడి నేల, చేతిలో ఉన్న డబ్బు ఇంత. తర్వాతి ప్రశ్నగా, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే వేస్తే ఎంతవుతుందో అడిగాడు. అక్కణ్నుంచి ఫుటింగులు ఎంత లోతు తీయాలి, పిల్లర్లు ఎన్ని, స్లాబుకు స్టీలెంత, సెంట్రింగ్ కూలీ ఎలా మాట్లాడుకోవాలి, బ్యాంకు లోను ఏ దశలో ఎంత విడుదల చేస్తుంది అంటూ మాట పెరిగింది. రెండు రోజులు పోయాక ఇంటావిడ అంది: పైన ఇంకో పోర్షన్ వేసి అద్దెకిస్తే లోను వాయిదాకు కొంత ఆసరా అవుతుంది కదా అని. ఆలోచించాల్సిన మాటే.

ఇప్పుడు మామూలుగా ఎవరైనా చేసేది, అడుగునున్న పెట్టెలో ‘సరే, పైన ఇంకో ఫ్లోర్ కూడా వేస్తే?’ అని రాయడం. జవాబు వస్తుంది, బాగానే వస్తుంది. కానీ ఆ క్షణం నుంచి ఒకే చాట్‌లో రెండిళ్లు ఉంటాయి. ఇంకో పదిహేను ప్రశ్నల తర్వాత ‘మొత్తం స్టీలెంత?’ అంటే ఏ ఇంటి స్టీలో అడిగినవాళ్లకే సరిగ్గా గుర్తుండదు. ఒక ఇంటి పిల్లర్ల లెక్కకు రెండో ఇంటి స్లాబు లెక్క కలిసి, ఎవరూ కట్టబోని మూడో ఇంటికి ఎస్టిమేట్ తయారైనా ఆశ్చర్యం లేదు. అంకెలు చూడ్డానికి నిండుగానే ఉంటాయి కాబట్టి తప్పు కంటికి ఆనదు.

బాణాల సంగతి తెలిసినవాళ్లు అడుక్కి పోరు, పైకి వెళ్తారు. గ్రౌండ్ ఫ్లోర్ గురించి అడిగిన ఆ ప్రశ్న దగ్గర ఆగి, పెన్సిల్ నొక్కి, ‘జీ ప్లస్ వన్ అయితే’ అని దిద్దుతారు. స్థలం, నేల, డబ్బు వివరాలు పైన ఉమ్మడిగా ఉండిపోతాయి. వాటి కింద రెండిళ్లూ దేని లెక్క దానిదిగా లేస్తాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మారొచ్చు.

ఈ బాణాల ఏర్పాటును లోపల ఎలా కట్టారో చూసే వీలు కూడా మనకుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మన డేటా అడిగితే చాట్‌జీపీటీ మన సంభాషణలన్నీ ఫైలుగా చేసి లింకు పంపుతుంది. ఆ ఫైలు తెరిస్తే ప్రతి సంభాషణ కిందా ‘మ్యాపింగ్’ అనే భాగం కనిపిస్తుంది. అందులో ఒక్కో సందేశానికి ఒక గుర్తింపు సంఖ్య, ‘పేరెంట్’ అన్నచోట దానికి సరిగ్గా ముందున్న సందేశం సంఖ్య, ‘చిల్డ్రన్’ అన్నచోట దాని కింద పుట్టిన సందేశాల సంఖ్యలు రాసి ఉంటాయి. సంభాషణ మొత్తానికి ‘కరెంట్ నోడ్’ అని ఒకటే గుర్తు, మనం ఇప్పుడు ఏ సందేశం దగ్గర ఉన్నామో చెప్పడానికి. అంతే. తెర మీద పైనుంచి కిందికి దిగే ఆ ఒక్క వరుస ఫైలులో ఎక్కడా వరుసగా రాసి ఉండదు.

వంశవృక్షం దగ్గర కూర్చుని మునిమనవడి నుంచి తండ్రి, తాత, ముత్తాత అంటూ పైకి చెప్పుకుపోతామే, సరిగ్గా అలాగే ఆ వరుస పుడుతుంది. ఇప్పుడున్న సందేశం దగ్గర మొదలుపెట్టి, పేరెంట్ ఎవరని అడుగుతూ, ఇక పేరెంట్ లేని మొదటి సందేశం దాకా ఎక్కుతారు. వచ్చిన జాబితాను తిరగేస్తే అదే తెర. బాబాయిలు, వాళ్ల పిల్లలు ఆ వరుసలోకి రారు. వాళ్లను ఎవరూ చెరపలేదు. ఫైలులో భద్రంగా ఉన్నారు. బాణం నొక్కగానే గుర్తు అటు మారుతుంది, అప్పుడు ఆ శాఖ పలుకుతుంది. ప్రతి సందేశానికీ తనకు ముందున్నదెవరో తెలిస్తే చాలు, ఎంత చిక్కు సంభాషణ అయినా ముడిపడకుండా నిలబడుతుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేయించడం ఎప్పుడు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

తెరకు వెళ్లే ఆ వరుసే, జవాబు చెప్పే మోడల్‌కూ వెళ్తుంది. పనితనం అసలు ఇక్కడుంది. మోడల్‌కు సంభాషణ తాలూకు జ్ఞాపకం సొంతంగా ఏమీ ఉండదు. మనం ప్రశ్న పంపిన ప్రతిసారీ అంతవరకూ నడిచిన మాటలన్నీ మొదట్నుంచి దాని ముందు పెడతారు, అది అన్నీ చదివి జవాబు చెబుతుంది. ఇప్పుడున్న శాఖ మాత్రమే దాని ముందుకొస్తుంది కాబట్టి రెండంతస్తుల ఇంటి గురించి మాట్లాడేటప్పుడు ఒక్క అంతస్తు ఇంటి స్టీలు దాని కంటబడదు. ‘ఇంతకుముందు చెప్పింది మర్చిపో’ అని మనం బతిమాలాల్సిన పని లేదు. అలా రాసినా ఆ పాత మాటలు ముందే ఉంటాయి, వాటి నీడ జవాబు మీద పడుతూనే ఉంటుంది. శాఖ మారితే నీడ కూడా ఉండదు.

మోడల్ ముందు పెట్టగలిగే మాటలకు ఒక హద్దుంది, దాన్ని టోకెన్లలో, అంటే మాటల ముక్కల్లో, కొలుస్తారు. జీపీటీ-3.5 టర్బో అనే మోడల్ వచ్చినప్పుడు ఆ హద్దు 4,096 టోకెన్లు. 2024 జూన్ నాటికి క్లాడ్‌లో అది 2 లక్షలు, అంటే సుమారు 500 పేజీల పుస్తకమంత. హద్దు పెరిగింది కదా, ఇక పద్ధతులెందుకు, అన్నీ ఒకే చాట్‌లో పోసేద్దాం అనిపించడం సహజం. 2023లో స్టాన్‌ఫర్డ్ తదితర సంస్థల పరిశోధకులు ‘లాస్ట్ ఇన్ ద మిడిల్’ పేరుతో రాసిన పత్రం ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. వాళ్లు పరీక్షించిన మోడళ్లకు పొడుగాటి పాఠమిస్తే మొదట్లో ఉన్న సంగతి, చివర్లో ఉన్న సంగతి బాగా పట్టుకున్నాయి. మధ్యలో పెట్టిన సంగతి దగ్గర తడబడ్డాయి. చోటు ఉండటం వేరు, ఆ చోటులో పెట్టినది అందడం వేరు. మోడళ్లు అప్పట్నుంచి చాలా మెరుగుపడ్డాయి. అయినా కావలసినదే ముందు పెట్టి, అక్కర్లేనిది పక్కన ఉంచే పని ఎవరో ఒకరు చేయక తప్పదు.

తెలుగులో రాసేవాళ్లకు ఇది మరీ దగ్గరి సంగతి. 2024 మేలో జీపీటీ-4ఓ మోడల్ విడుదల చేసినప్పుడు, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ ఒక పట్టిక ప్రచురించింది. ఒకే చిన్న పలకరింపును 20 భాషల్లో రాసి, పాత పద్ధతిలో ఎన్ని టోకెన్లు అయ్యేవో, కొత్త పద్ధతిలో ఎన్నవుతున్నాయో చూపింది. ఇంగ్లీషులో 27 ఉన్నది 24 అయింది. తెలుగులో 159 ఉన్నది 45కు దిగింది. మూడున్నర రెట్ల తగ్గుదల, సంతోషించాల్సిందే. అయితే దిగిన తర్వాత కూడా అదే పలకరింపుకు ఇంగ్లీషు కన్నా మనకు దాదాపు రెండింతలు పడుతోంది. అంతకుముందు ఆరు రెట్లకు దగ్గర. అంటే తెలుగులో నడిచే చాట్ తొందరగా నిండుతుంది, ముందు చెప్పినవి తొందరగా దూరమవుతాయి. ఇల్లు కట్టే ఆ దంపతులు తెలుగులో రాస్తుంటే, ఏ మాట ఏ శాఖలో ఉండాలన్న జాగ్రత్త ఇంగ్లీషులో రాసేవాళ్ల కన్నా వాళ్లకే ఎక్కువ కావాలి.

దారి చీలినచోట రెండు దారులనూ దాచుకోవాలన్న ఆలోచన ఈనాటిది కాదు. 1945 జులైలో ‘ది అట్లాంటిక్’ పత్రికలో వానెవర్ బుష్ రాసిన వ్యాసంలో ‘మెమెక్స్’ అనే ఊహాయంత్రం ఉంది. రాతబల్ల ఆకారంలో ఉండే ఆ యంత్రంలో పుస్తకాలు, ఉత్తరాలు, నోట్సు అన్నీ మైక్రోఫిల్ముగా ఉంటాయి. బుష్ ఇచ్చిన ఉదాహరణ క్రూసేడుల కాలం నాటిది. టర్కీ పొట్టి విల్లు ఇంగ్లీషు పొడుగు విల్లు కంటే ఎందుకు మెరుగైందో ఒకతను చదువుతుంటాడు. చదివినవాటిని ఒకదానికొకటి ముడివేస్తూ ఒక బాట వేసుకుంటాడు. మధ్యలో పదార్థాల సాగే గుణం గురించి తెలుసుకోవాల్సి వచ్చి పక్కబాట పడతాడు, దాన్నీ అక్కడే ముడివేస్తాడు. ఏళ్ల తర్వాత స్నేహితుడితో మాటల్లో ఆ సంగతి వస్తే మీట నొక్కి ఆ బాటంతా బయటికి తీసి, నకలు చేసి అతనికిస్తాడు. స్నేహితుడు దాన్ని తన మెమెక్స్‌లో పెట్టుకుంటాడు. యంత్రం తయారుకాలేదు. కానీ అందులో పక్కబాటకు చోటుంది, బాటను చేతికివ్వడానికి వీలుంది. 2023 మేలో చాట్‌జీపీటీకి వచ్చిన ‘షేర్డ్ లింక్’ ఆ రెండో కోరికకు చాలా దగ్గరగా వచ్చింది. లింకు తీసిన క్షణం దాకా ఉన్న మాటలే అవతలివాళ్లకు కనిపిస్తాయి. తర్వాత మనం రాసుకున్నది మన దగ్గరే ఉంటుంది. పంపడం అనే పనికి సరైన హద్దు ఎక్కడ గీయాలో తెలిసినవాళ్లు గీసిన గీత అది.

శాఖలు ఎంత బాగున్నా ఒక సంభాషణలోనే ఉంటాయి. ఇల్లు కట్టడానికి ఒక్క సంభాషణ చాలదు. లోను కాగితాలు వేరు, ప్లాన్ అప్రూవల్ వేరు, మేస్త్రీతో ఒప్పందం వేరు. చాలాకాలం పాటు ఈ పరికరాలు పాత చాట్లను ఎడమ పక్క పట్టీలో ‘ఈ రోజు’, ‘నిన్న’, ‘గత 7 రోజులు’ అని తేదీల వారీగా పేర్చి వదిలేశాయి. పేరు కూడా మొదటి ప్రశ్నను బట్టి యంత్రమే పెట్టేది. పని చేసుకునే మనిషి తన పనిని తేదీలతో వెతుక్కోడు, కాబట్టి ఆ పట్టీ ఎంత పొడుగైతే అంత పనికిరాకుండా పోయేది. 2024 జూన్‌లో క్లాడ్‌కు, ఆ డిసెంబరులో చాట్‌జీపీటీకి ప్రాజెక్టులు వచ్చాక ఆ బాధ కొంత తీరింది.

పైకి చూస్తే ప్రాజెక్టు ఒక ఫోల్డరే. క్లాడ్‌లో మొదట కట్టినదాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఫోల్డరు కన్నా లోతైన లెక్క కనిపిస్తుంది. అందులో మూడు వేర్వేరు చోట్లు ఉన్నాయి. ఎప్పుడూ వర్తించే సూచనలకు ఒకటి, ఉదాహరణకు ‘కొలతలు అడుగుల్లో చెప్పు, ధరలు తెలియకపోతే ఊహించకు’. స్థలం దస్తావేజు, ఇంజినీరు గీసిన ప్లాను, బ్యాంకు ఉత్తరం లాంటి ఫైళ్లకు ఒకటి. చాట్లకు ఒకటి. మొదటి రెండూ ప్రతి చాట్‌కూ ఉమ్మడి. చాట్లు మాత్రం అప్పట్లో ఒకదాని మాట ఇంకొకదానికి చేరవేసేవి కావు. లోను చాట్‌లో తేలిన సంగతి మేస్త్రీ చాట్‌కు తెలియాలంటే, మనం దాన్ని కావాలని ఉమ్మడి ఫైళ్లలో పెట్టాల్సి వచ్చేది. ఇది లోపమని విసుక్కున్నవాళ్లున్నారు. నాకు ఇందులో నిర్మాత సంయమనం కనిపిస్తుంది. మాటల్లో వచ్చినదంతా నిర్ణయం కాదు. నిర్ణయమైనదేదో చెప్పే హక్కు పని యజమానిది. ఒక సంగతిని ఎత్తి ఉమ్మడి చోట పెట్టడమంటే, ఇది ఖాయమైందని చెప్పడం. ఆ చిన్న శ్రమను వాళ్లు మనిషికే వదిలేశారు.

అన్నీ దానంతటదే గుర్తుపెట్టుకునే పద్ధతి ఇంకోటి ఉంది. చాట్‌జీపీటీ 2025 ఏప్రిల్ నుంచి పాత చాట్లన్నిటినీ దృష్టిలో పెట్టుకుని మాట్లాడగలుగుతోంది. కబుర్లకు అది హాయి. పని దగ్గరికొచ్చేసరికి, ఎప్పుడో తమ్ముడి అపార్టుమెంటు గురించి అడిగినది మన ఇంటి లెక్కలోకి ఏ దారిన వచ్చిందో తెలియదు. అదే ఏడాది ప్రాజెక్టు జ్ఞాపకాన్ని ఆ ప్రాజెక్టు వరకే కట్టడిచేసే వీలు కూడా ఇచ్చారు. గోడ ఎక్కడ కావాలో గుర్తించి కట్టినందుకు ఆ పని చేసినవాళ్లను మెచ్చుకోవాలి.

జ్ఞాపకం విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ప్రోగ్రామర్ల పరికరాల్లో ఉంది. క్లాడ్ కోడ్ అనే సాధనం ప్రాజెక్టు డైరెక్టరీలో ‘క్లాడ్ డాట్ ఎండీ’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉందేమో చూసి, ఉంటే పని మొదలుపెట్టేటప్పుడే చదువుకుంటుంది. ఈ ప్రాజెక్టు ఎలా నడుస్తుంది, ఏది ముట్టుకోకూడదు, పరీక్షలు ఎలా చేయాలి అన్నీ అందులో మామూలు మాటల్లో ఉంటాయి. యంత్రానికి ఏం తెలుసో మనం తెరిచి చదవొచ్చు, నచ్చని వాక్యం కొట్టేయొచ్చు. యంత్రం జ్ఞాపకాన్ని ఎవరైనా దిద్దగల కాగితంగా ఉంచడం కంటే నిజాయితీ గల పద్ధతి ఇంతవరకు నాకు కనబడలేదు.

చేసిన పనిని మాటల్లోంచి బయటికి తీయడం గురించి కూడా చెప్పాలి. 2024 జూన్‌లో క్లాడ్‌కు వచ్చిన ‘ఆర్టిఫాక్ట్స్’, అక్టోబరులో చాట్‌జీపీటీకి వచ్చిన ‘కాన్వాస్’ చేసింది ఇదే. ఎస్టిమేట్ పట్టిక చాట్‌లో కొట్టుకుపోకుండా పక్కన సొంత చోటులో నిలబడుతుంది. దాని గురించి మాట్లాడేకొద్దీ అది అక్కడే మారుతుంది, పాత రూపాలు వెనక ఉంటాయి. గూగుల్ నోట్‌బుక్ఎల్ఎం ఇంకో కొసనుంచి వచ్చింది. అక్కడ ముందు మన కాగితాలు చేర్చాలి, తర్వాతే మాట. జవాబులో చెప్పిన సంగతుల పక్కన చిన్న అంకెలు ఉంటాయి, నొక్కితే మనం ఇచ్చిన కాగితంలో ఆ భాగం దగ్గరికే తీసుకెళ్తాయి. బ్యాంకు ఉత్తరంలో వడ్డీ గురించి ఏముందో చెప్పమంటే, చెప్పడంతో పాటు ఆ పేరా చూపిస్తుంది.

ఇక ఆ రెండు బాణాల దగ్గర మిగిలిన పని. 2/3 అన్న అంకె ఆ ఒక్క మలుపు సంగతే చెబుతుంది. పైన ఎన్ని మలుపులున్నాయో, ఏ శాఖలో ఎంత దూరం వెళ్లామో చూపే పటం తెర మీద లేదు. శాఖలకు పేర్లు పెట్టే వీలు లేదు. ‘గ్రౌండ్ ఒక్కటే’, ‘జీ ప్లస్ వన్’ అని రాసుకోగలిగితే సగం తికమక పోతుంది. 2025 సెప్టెంబరులో చాట్‌జీపీటీ, శాఖను కొత్త చాట్‌గా విడదీసే వీలు తెచ్చింది. అప్పుడు దానికంటూ ఒక పేరు, పట్టీలో ఒక చోటు వస్తాయి. ఆ మేరకు మంచిది. ఇంతకన్నా పెద్ద లోటు, విడదీయడం ఉంది గానీ కలపడం లేకపోవడం.

ప్రోగ్రామర్లకు కలపడం తెలుసు. లైనక్స్ కెర్నెల్ పని కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ‘గిట్’లో ప్రతి మార్పుకూ తన పేరెంట్ ఎవరో తెలుసు, చాట్ సందేశానికి తెలిసినట్టే. కానీ అందులో ఒక మార్పుకు ఇద్దరు పేరెంట్లు ఉండొచ్చు. రెండు శాఖలు ఒకటయ్యేది అక్కడే. ఒకే వాక్యాన్ని రెండు శాఖలూ రెండు రకాలుగా మారిస్తే గిట్ సొంత తీర్పు ఇవ్వదు. రెండు రూపాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఏది ఉంచాలో తేల్చమని మనిషి దగ్గర ఆగుతుంది.

మాటలను కోడ్‌లా కలపలేం, నిజమే. కానీ ఇల్లు కట్టే చాట్‌లో కలపాల్సినది ఏమిటో పట్టి చూస్తే దారి కనిపిస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ శాఖలో ఉండగా మేస్త్రీ గుంత తీసి చూసి, ఆరడుగుల దాకా నల్లరేగడే ఉందని చెప్పాడు. ఇంటాయన ఆ మాట అక్కడే రాశాడు. జీ ప్లస్ వన్ శాఖకు ఆ సంగతి తెలియదు. అక్కడ ఫుటింగ్ లోతు పాత ఊహతోనే నడుస్తోంది, పైగా బరువు ఎక్కువ పడేది ఆ ఇంట్లోనే. మెట్లు బయటినుంచి పెట్టాలన్న ఆలోచన కూడా ఒక శాఖలో తేలింది, అయితే అది ఆ ఇంటి వరకే. నేల గురించి తెలిసినది రెండిళ్లకూ చెందుతుంది, కాబట్టి చీలిక పైనున్న ఉమ్మడి వివరాల దగ్గరికి వెళ్లాలి. మెట్లు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. ఇప్పుడు ఆ పని చేయాలంటే ఇంటాయన గుర్తుపెట్టుకుని రెండో శాఖలో మళ్లీ రాయాలి, లేదా ప్రాజెక్టు ఫైల్లో చేర్చాలి. సందేశం పక్కన పెన్సిల్ ఉన్నట్టే, దాన్ని చీలిక పైకి ఎక్కించే గుర్తు ఒకటి ఉండొచ్చు. అది నొక్కగానే, దానివల్ల రెండో శాఖలో ఏయే జవాబులు పాతబడ్డాయో పరికరం గుర్తుపెట్టి చూపొచ్చు. పేరెంట్ ఎవరో, పిల్లలెవరో ఫైలులో ఇప్పటికే రాసి ఉంది. గుంత తీసిన సాయంత్రం ఇంటాయన ‘ఆరడుగుల దాకా నల్లరేగడే’ అని రాసినప్పుడు, పరికరం జవాబు చెప్పేముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఇది ఈ ఇంటికేనా, రెండిటికీనా?